షుగర్ చీటీలో చిగుళ్ళకు ఒక గడి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడాది నన్ను పిల్లల చదువుల గురించి మాట్లాడమంటారు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా బడిలో జీవశాస్త్రం చెబుతున్నదాన్ని కాబట్టి అది న్యాయమే. ఈసారి మాత్రం మీ అనుమతితో వేరే విషయం ఎత్తుకుంటున్నాను. నేను డాక్టరును కాను. బీఎస్సీ, బీఎడ్ చదివిన పంతులమ్మను. షుగర్ ఉన్న మనిషిని కూడా. చదివింది కొంత, నా ఒంటి మీద నేర్చుకున్నది కొంత, మన ఆరోగ్య శిబిరంలో కళ్ళారా చూసింది కొంత, ఈ మూడూ కలిపి మీ ముందు పెడతాను. ఇందులో ఎవరికి ఏ మందు అన్నది మాత్రం మీ డాక్టరు గారే చెప్పాలి.

ముందు శిబిరం సంగతి చెబుతాను. మొన్నటి సంవత్సరం తాండూరులో మన సొసైటీ పెట్టిన శిబిరంలో నేను పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చున్నాను. మన చీటీ మీకందరికీ తెలిసిందే. పేరు, వయసు, బరువు, బీపీ, షుగర్, కళ్ళు, పాదాలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడి. నాపరాయి పాలిషింగ్ యూనిట్లో పని చేసే ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. చీటీ చేతికిస్తుంటే, "టీచరమ్మా, నాయి నాలుగు పండ్లు ఊగుతున్నయి. నోరంతా వాసనొస్తున్నది. గది గూడ రాస్తవా?" అని అడిగాడు. నేను చీటీ తిప్పి చూశాను. దానికి గడి లేదు. "ఇక్కడ షుగర్ చూస్తరు చాచా, పండ్లకు వేరే పోవాలె" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన షుగర్ మూడు వందల పైనే ఉంది. మాత్రలు రాసిచ్చారు, అంతే.

రెండు నెలల తర్వాత తెలిసింది. ఊగే పళ్ళను ఎక్కడో చవకగా పీకించుకున్నాడట. షుగర్ ఎంత ఉందో అక్కడ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. దవడ వాచి, చీము పట్టి, జ్వరంతో హైదరాబాద్ ఆసుపత్రిలో చాలా రోజులు పడుకోవలసి వచ్చింది. అల్లాహ్ దయ వల్ల బతికాడు. కానీ ఆ కుటుంబం ఆ నెలల్లో చేసిన అప్పు ఇంకా తీరలేదు. నేను ఆయనతో అన్న ఆ ఒక్క మాట, "పండ్లకు వేరే పోవాలె" అన్నది, నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. పళ్ళు వేరు, షుగర్ వేరు అనుకోవడం తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈరోజు నిలబడ్డాను.

మన కొండ, మన జబ్బు

మన అనంతగిరి కొండ మీద నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి మీకందరికీ తెలుసు. ఒకప్పుడు మన ప్రాంతానికి జబ్బు అంటే క్షయే. గాలి మంచిదని రోగులను అక్కడికి తీసుకొచ్చేవారు. ఇప్పుడు ఏ ఇంటి తలుపు తట్టినా వినపడే మాట షుగర్. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఇంకో మాట, షుగర్ అదుపులో లేనివాళ్ళకు క్షయ వచ్చే ముప్పు కూడా రెండు మూడు రెట్లు ఎక్కువ. పాత జబ్బు పోయి కొత్త జబ్బు వచ్చిందనుకుంటాం గాని, అవి రెండూ చేతులు కలుపుకునే నడుస్తాయి.

షుగర్ కళ్ళను, మూత్రపిండాలను, నరాలను, గుండెను, కాళ్ళ రక్తనాళాలను దెబ్బతీస్తుందని ఇప్పుడు చదువు లేనివాళ్ళకు కూడా తెలుసు. చిగుళ్ళ సంగతి మాత్రం తెలియదు. హరాల్డ్ లో అనే దంత వైద్య శాస్త్రవేత్త 1993లోనే చిగుళ్ళ జబ్బును మధుమేహం వల్ల వచ్చే ఆరో ఉపద్రవం అని రాశాడు. ముప్పై ఏళ్ళు దాటింది. ఆ మాట పుస్తకాల నుంచి మన శిబిరం చీటీ దాకా ఇంకా రాలేదు.

లోపల జరిగేది

పిల్లలకు చెప్పినట్టు చెబుతాను. పన్ను చిగురులో పాతిన రాయి కాదు. దాని వేరు దవడ ఎముకలో ఉంటుంది. ఎముకకూ వేరుకూ మధ్య సన్నని నార పోగులు పట్టి ఉంచుతాయి. పైన చిగురు గట్టిగా మెడపట్టీలా చుట్టుకుని ఉంటుంది. మనం తిన్న తర్వాత పళ్ళ మీద జిగురుగా పాచి చేరుతుంది. అది వట్టి మురికి కాదు, కోట్ల సూక్ష్మజీవుల గుంపు. రోజూ తీసేస్తే సరి. తీయకపోతే ఉమ్మిలోని లవణాలు చేరి గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్‌తో పోదు. చిగురు దాన్ని చూసి ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, తాకితే రక్తం కారుతుంది. ఇది మొదటి మెట్టు. ఈ మెట్టు దగ్గర జాగ్రత్త పడితే పూర్తిగా నయమవుతుంది.

పట్టించుకోకపోతే చిగురు పంటిని వదిలి కిందికి జారుతుంది. మధ్యలో సంచి లాంటి ఖాళీ ఏర్పడుతుంది. అందులోకి ఏ బ్రష్షూ వెళ్ళదు. లోపల ఎముక కొద్దికొద్దిగా అరిగిపోతుంది. పన్ను పొడుగైనట్టు కనిపిస్తుంది, సందులు పడతాయి, చివరికి ఊగుతుంది. ఇదంతా పెద్దగా నొప్పి లేకుండా జరుగుతుంది. అదే దీనితో వచ్చిన చిక్కు. పుచ్చు పన్ను అయితే రాత్రి నిద్ర పట్టనివ్వదు, తెల్లారేసరికి డాక్టర్ దగ్గరికి పరుగెడతాం. చిగుళ్ళ జబ్బు చప్పుడు చేయకుండా తన పని తాను చేసుకుంటుంది.

షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఈ పని వేగంగా సాగుతుంది. రక్తంలో చక్కెర పెరిగితే సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల కణాలు మందగిస్తాయి. చిన్న రక్తనాళాలు దెబ్బతిని చిగుళ్ళకు అందవలసినది సరిగ్గా అందదు. తెగిన చోట మానడం ఆలస్యమవుతుంది. నోరు ఎండిపోతుంది. ఉమ్మి మన నోటికి అల్లాహ్ ఇచ్చిన కాపలా, అది తగ్గితే పుచ్చు, దుర్వాసన, తెల్లటి పూత అన్నీ వస్తాయి.

ఇక అటు నుంచి ఇటు. చిగుళ్ళలో ఎప్పుడూ రగులుతున్న వాపు నోట్లోనే ఆగిపోదు. అక్కడ పుట్టే పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. అంటే షుగర్ చిగుళ్ళను పాడు చేస్తుంది, పాడైన చిగుళ్ళు షుగర్‌ను పెంచుతాయి. రెండెడ్ల బండిలో ఒక ఎద్దు కుంటితే రెండోదీ అడుగు వేయలేదు కదా, అలాంటిదే ఇది.

మంచి వార్త ఏమిటంటే ఇది రెండు వైపులా పని చేస్తుంది. 2022లో కోక్రేన్ సంస్థ 35 పరిశోధనలను, అంటే 3,200 మందికి పైగా రోగుల వివరాలను, ఒక్కచోట పెట్టి చూసింది. షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు చక్కెర, సుమారు 0.43 శాతం తగ్గిందని తేల్చింది. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది. ఒక్కోసారి డాక్టరు గారు రెండో మాత్ర జోడిస్తే వచ్చే తగ్గుదలకు అది దగ్గరదగ్గరగా ఉంటుంది. అయితే చిగుళ్ళు బాగుచేసుకుంటే మాత్రలు మానేయవచ్చని ఎవరూ అనుకోవద్దు. మాత్రలు, తిండి, నడక, చిగుళ్ళు, ఈ నాలుగూ కలిసి నడవాలి.

అమ్మీ కథ, నా కథ

మా అమ్మీకి పద్దెనిమిదేళ్ళు షుగర్ ఉంది. ఆమె పళ్ళు ఒక్కొక్కటే రాలిపోతుంటే "వయసయింది బేటీ" అనేది. మేమూ అదే అనుకున్నాం. పళ్ళు ఉన్నన్నాళ్ళు మా ఇంట్లో రాత్రి జొన్న రొట్టె, తాండూరు కందిపప్పు, ఆకుకూర. పళ్ళు పోయాక రొట్టె నమలలేక మెత్తటి అన్నం, చాయ్‌లో ముంచిన బన్ను, రస్కు. తోటకూర కాడ పంటికింద పడదు, కీర ముక్క నమలలేదు. షుగర్ పెరిగింది. మాత్ర పెంచారు. మళ్ళీ పెరిగింది. సూది మొదలుపెట్టారు. ఇన్నేళ్ళలో ఏ చోటా "అమ్మా, ఏం నమలగలుగుతున్నావు?" అని అడిగిన వాళ్ళు లేరు. జీవశాస్త్రం చెప్పే కూతురు, నేనూ అడగలేదు.

నా సంగతి ఇంకా సిగ్గుచేటు. ప్రతి జూన్‌లో ఆరో తరగతి పిల్లలకు పళ్ళు తోముకోవడం గురించి పాఠం చెప్పేదాన్ని. నా బ్రష్ మీద మాత్రం నాలుగేళ్ళు రక్తపు చారిక కనిపించింది. బ్రష్ గట్టిదేమో అనుకుని మార్చాను. తర్వాత రక్తం వచ్చే చోట తోమడమే మానేశాను. చిగురు వాచి ముఖం ఉబ్బితే గాని పళ్ళ డాక్టర్ దగ్గరికి పోలేదు. ఆవిడ నోరు చూసి మొదట అడిగిన మాట, "మీకు షుగర్ ఉందా?" లేదన్నాను. ఎప్పుడు పరీక్ష చేయించారంటే చెప్పలేకపోయాను. మరునాడు పరగడుపున చూస్తే 212. అలా నాకు షుగర్ ఉందని మొదట కనిపెట్టింది పళ్ళ డాక్టరు. ఇలా తెలుసుకున్నవాళ్ళు నేనొక్కదాన్నే కాదు, మీలో కూడా ఉంటారు.

మూడు విడతలుగా గార తీశారు, చిగురు కింద వేరు మీద ఉన్నది కూడా శుభ్రం చేశారు. మాత్రలు మొదలయ్యాయి, రోజూ నడక మొదలుపెట్టాను. హెచ్‌బీఏ1సీ 9.1 ఉన్నది ఆరు నెలల్లో 7కు దిగింది. అందులో చిగుళ్ళ వాటా ఎంతో నేను చెప్పలేను. కానీ ఇవాళ జొన్న రొట్టె నమిలి తినగలుగుతున్నాను. మా అమ్మీకి ఆ భాగ్యం లేకపోయింది.

ఇంట్లో చేసుకోవలసినవి

మనకు ఒక సౌకర్యం ఉంది. రోజుకు ఐదుసార్లు వుజూ చేస్తాం, ప్రతిసారీ నోరు పుక్కిలిస్తాం. మిస్వాక్ మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారికి ఎంత ఇష్టమైన అలవాటో మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. నోటి శుభ్రత మనకు కొత్తగా ఎవరో నేర్పవలసింది కాదు. ఉన్న అలవాటును సరిగ్గా వాడుకుంటే చాలు.

ఫజర్ దగ్గర ఒకసారి, ఇషా తర్వాత పడుకునే ముందు ఒకసారి, మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు నిమిషాలు తోమండి. బ్రష్‌ను పన్ను, చిగురు కలిసే గీత దగ్గర కొంచెం ఏటవాలుగా పెట్టి చిన్నగా ఆడించాలి. గిన్నె తోమినట్టు రుద్దితే చిగురు అరిగిపోతుంది. రాత్రి తోమిన తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. మూడు నెలలకోసారి బ్రష్ మార్చండి.

పళ్ళ మధ్య సందుల్లోకి బ్రష్ వెళ్ళదు. అక్కడే జబ్బు మొదలవుతుంది. మందుల షాపుల్లో పళ్ళ సందుల్లో పెట్టే చిన్న బ్రష్‌లు, ఫ్లాస్ దారం దొరుకుతాయి. రోజుకు ఒకసారి వాడండి. పిన్నీసులు, అగ్గిపుల్లలు, చీపురు పుల్లలు పెట్టి గుచ్చవద్దు.

మిస్వాక్ గానీ, వేపపుల్ల గానీ వాడేవాళ్ళు కొన నమిలి మెత్తటి కుంచె చేసుకుని, చిగురు నుంచి పంటి అంచు వైపు మెల్లగా తోమండి. వాడిన కొనను తరచుగా కోసేసి కొత్త కొన చేసుకోండి. వెనక దవడ పళ్ళ లోపలి వైపు పుల్ల సరిగ్గా అందదు. అందుకే మిస్వాక్‌కు తోడుగా రోజుకు కనీసం ఒకసారి బ్రష్ కూడా ఉండాలని నా మనవి. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు కల్లుతో రుద్దడం మానండి. నల్ల, ఎర్ర మంజన్ డబ్బాల మీద ఏముందో చదవండి, కొన్నింటిలో పొగాకు కలిసి ఉంటుంది.

కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు రాత్రి తీసి, తోమి, నీళ్ళలో వేసి పడుకోండి. చిగుళ్ళకూ విశ్రాంతి కావాలి.

నెలకు ఒకసారి, జీతం వచ్చిన రోజనుకోండి, వెలుతురులో అద్దం ముందు నిలబడి నోరు చూసుకోండి. చిగురు ఎర్రగా ఉబ్బి ఉందా? తోమితే రక్తం వస్తుందా? పళ్ళు పొడుగైనట్టు ఉన్నాయా? కొత్తగా సందులు పడ్డాయా? నొక్కితే చీము కనిపిస్తుందా? నోటి వాసన పోవడం లేదా? వీటిలో ఒక్కటి ఉన్నా పళ్ళ డాక్టరుకు చూపించండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ లేదా ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, ఇవి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దు. అవి నోటి క్యాన్సర్‌కు ముందు గుర్తులు కావచ్చు.

గుట్కా, జర్దా మాట

ఇది చెప్పకపోతే నా ప్రసంగం అబద్ధమవుతుంది. రాళ్ళ గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో, లారీల మీద పని చేసే మన తమ్ముళ్ళు పొద్దున్నే దవడలో గుట్కా పెట్టుకుంటారు. ఆకలి తెలియదు, దుమ్ము తెలియదు అంటారు. దావతుల్లో మనం జర్దా పాన్ పళ్ళెంలో పెట్టి మర్యాద చేస్తాం. పొగాకు చిగుళ్ళ రక్తనాళాలను కుదించేస్తుంది. అందువల్ల జబ్బు ఉన్నా రక్తం కారదు. "నా చిగుళ్ళు బాగున్నయి, రక్తమే రాదు" అని వాళ్ళు సంతోషపడతారు. గంట మోగడం ఆగిపోయింది గాని మంట ఆరలేదు. షుగర్, పొగాకు కలిస్తే పళ్ళు పోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

విద్యాసంస్థలకు వంద గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. మన బడుల చుట్టూ ఆ వంద గజాలు ఎలా ఉన్నాయో మీరు వెళ్తూ వెళ్తూ చూడండి. దాతలలో వ్యాపారులున్నారు, మీ మాటకు బజారులో విలువ ఉంది. అక్కడ నా మాట కంటే మీ మాట బాగా పని చేస్తుంది.

రంజాన్ నెలలో

షుగర్ ఉన్నవాళ్ళు రోజాలు ఉండాలా వద్దా అన్నది రంజాన్‌కు ఆరేడు వారాల ముందే డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. జబ్బుపడ్డవారికి మన ధర్మం ఇచ్చిన సడలింపు కూడా అల్లాహ్ కరుణే. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదని ఎక్కువమంది ఉలమాలు చెప్పారు, కాబట్టి పరీక్ష మానవద్దు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని డాక్టర్లు చెబుతారు.

పగలంతా నోరు ఎండి ఉంటుంది కనుక ఆ నెలలో చిగుళ్ళకు ఇంకా జాగ్రత్త కావాలి. సహరీ తిన్న వెంటనే, సమయం ముగియక ముందే బ్రష్ చేయండి. పగలు మిస్వాక్ ఉండనే ఉంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం, షర్బత్ తీసుకున్నాక బాగా పుక్కిలించండి, ఖర్జూరం పళ్ళకు అంటుకుంటుంది. తరావీహ్ తర్వాత పడుకునే ముందు మళ్ళీ బ్రష్. గార తీయించుకోవడం, పళ్ళు తీయించుకోవడం లాంటివి షాబాన్‌లోనే ముగించుకుంటే మంచిది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చోగానే మొదట చెప్పవలసిన మాట "నాకు షుగర్ ఉంది" అన్నదే. ఏ మాత్రలు వేసుకుంటున్నారో చీటీ తీసుకెళ్ళండి. బీపీకి వాడే అమ్లోడిపిన్ వంటి మాత్రలతో కొందరికి చిగుళ్ళు పెరిగినట్టు ఉబ్బుతాయి, అది కూడా చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. పొద్దుటిపూట, టిఫిన్ తిని, మాత్ర వేసుకుని వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళితే కుర్చీలోనే షుగర్ పడిపోవచ్చు. షుగర్ బాగా ఎక్కువగా ఉంటే తొందర లేని పళ్ళు తీయడం వాయిదా వేస్తారు. కానీ వాపు, చీము, జ్వరం ఉంటే వాయిదా వేయకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

"గార తీస్తే పళ్ళు ఊగుతాయి" అన్న మాట మన ఊళ్ళలో గట్టిగా ఉంది. గార అంత కాలం పట్టి ఉన్న పన్ను, లోపల ఎముక ముందే అరిగిపోయి ఉంటే, గార తీసేసరికి ఆ ఊగడం బయటపడుతుంది. గోడకు పగులు ముందే ఉంది, సున్నం గీకితే కనిపించింది. సున్నం గీకినవాడిది తప్పు కాదు. మామూలుగా ఆరు నెలలకోసారి, చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళు డాక్టరు చెప్పినట్టు మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి.

ఇదంతా డబ్బున్న వాళ్ళ వ్యవహారం అనుకోవద్దు. మన వికారాబాద్ దగ్గర కొత్రేపల్లిలో శ్రీ సాయి దంత వైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. దంత కళాశాలల్లో చిగుళ్ళకు ప్రత్యేక విభాగమే ఉంటుంది. 2023 నుంచి వికారాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు షుగర్, బీపీ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేస్తున్నారు. మనకు లేనిది ఆసుపత్రి కాదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపే చీటీ లేదు, తోడు వెళ్ళే మనిషి లేడు, ఆ రోజు కూలి పోతే ఇంటికి గడవదు.

దాతలకు నా మనవి

మీరిచ్చిన డబ్బుతో సొసైటీ గ్లూకోమీటర్లు కొన్నది, మాత్రలు పంచింది, కళ్ళద్దాలు ఇచ్చింది. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. దానికి నాలుగు చిన్న పనులు కలపమని అడుగుతున్నాను.

మొదటిది, మన చీటీలో చిగుళ్ళకు ఒక గడి. దానికి ఖర్చు లేదు. రక్తం వస్తుందా, ఊగుతున్నాయా, ఏం నమలగలుగుతున్నారు, పొగాకు ఉందా, ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి డాక్టరు కూడా అక్కరలేదు. మా బడి పిల్లలు అడిగి రాయగలరు.

రెండోది, ఆ గడిలో "అవును" పడ్డవాళ్ళను నెలకొకసారి బండిలో దంత కళాశాలకు తీసుకెళ్ళి తీసుకురావడం. కూలి పోయే వాళ్ళకు ఆ రోజు కూలి ఇవ్వడం. జకాత్ సొమ్ము వేటికి వాడవచ్చో, వేటికి సదఖా సొమ్మే వాడాలో మన ముఫ్తీ సాహెబులను అడిగి చేద్దాం.

మూడోది, షుగర్ మాత్రల సంచిలో ఒక మెత్తటి బ్రష్, ఒక పేస్టు పెట్టడం.

నాలుగోది, పళ్ళు పూర్తిగా పోయిన పేద వృద్ధులకు కట్టుడు పళ్ళ సాయం. దీన్ని సోకు అనుకోకండి. నోట్లో పళ్ళు ఉంటేనే రొట్టె, ఆకుకూర, పప్పు లోపలికి వెళ్తాయి. మనం చీటీ మీద "అన్నం తగ్గించి రొట్టె తినండి" అని రాసి పళ్ళు లేని మనిషి చేతిలో పెడితే, అది ఆయనకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మా అమ్మీకి అలాంటి చీటీలు కట్టలకొద్దీ ఉండేవి.

ఆ పాలిషింగ్ యూనిట్ చాచా ఈసారి శిబిరానికి కూడా వస్తానన్నాడు. ఇప్పుడు ఆయనకు ముందు వరుసలో ఆరు పళ్ళు మిగిలాయి. ఈసారి నేను అదే బల్ల దగ్గర కూర్చుంటాను. ఆయన "నా పండ్ల సంగతి గూడ రాస్తవా" అని అడిగితే, "రాస్తాను చాచా, ఇదిగో ఇక్కడ" అని చూపించడానికి చీటీలో ఒక గడి ఉండాలి. ఈ సభ ముగిసేలోపు కార్యవర్గం ఆ ఒక్క నిర్ణయం చేస్తే నేను తాండూరు బండి తృప్తిగా ఎక్కుతాను.

ఇంటికి వెళ్ళాక మీరు కూడా ఈ రాత్రి ఇషా తర్వాత అద్దం ముందు ఒక్క నిమిషం నిలబడండి. పక్కన మీ అమ్మీనో, అబ్బానో నిలబెట్టుకుని వాళ్ళనూ నోరు తెరిచి చూపించమనండి. ఏం నమలగలుగుతున్నారో అడగండి.